ఆర్.కె. బీచ్ గుర్రపు స్వారీ: వీగన్లు ఎక్కొచ్చా?

సేవ: విశాఖ రామకృష్ణా బీచ్ ఇసుకలో సాయంత్రంపూట దొరికే గుర్రపు స్వారీ.
రేటింగ్: పిల్లల సరదాకు 5లో 3. గుర్రం బాగోగులకు 5లో 1 నుంచి 3 దాకా, గుర్రాన్ని బట్టి. జంతువుల నుంచి వచ్చేవేవీ వాడని వీగన్ల ప్రమాణంతో సున్నా. ఈ చివరిది మాత్రం ఏ గుర్రానికైనా ఒకటే.

కురుసుర జలాంతర్గామి మ్యూజియం, కాళీమాత గుడి చుట్టుపక్కల ఎండ తగ్గాక గుర్రాలు కనిపిస్తాయి. సెలవు రోజుల్లో రద్దీ ఎక్కువ. రేటు బోర్డు ఉండదు, దూరాన్నీ రద్దీనీ బట్టి బేరం. పిల్లల్ని ఎక్కించి గుర్రమతను పగ్గం పట్టుకుని నడిపిస్తాడు, నాలుగు ఫొటోలు తీసేలోపే స్వారీ అయిపోతుంది. హెల్మెట్ ఆశించకండి. పిల్లల కాలు రికాబులోకి, అంటే జీను పక్కన వేలాడే పాదం పెట్టుకునే వలయంలోకి, పూర్తిగా దూరిపోకుండా చూసుకోవాలి. పడితే కాలు అందులోనే ఇరుక్కుని ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. పిల్లల వైపు నుంచి చెప్పాల్సింది ఇంతే. మిగతాదంతా గుర్రం వైపు నుంచి.

పాలు, నెయ్యి, తేనె, తోలు, పట్టు మానేసిన కుటుంబాలు విశాఖలో ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాళ్ల పిల్లలు బీచ్‌లో గుర్రాన్ని చూసి మారాం చేసినప్పుడు వచ్చే సందేహమే ఈ సమీక్షకు మూలం. "గుర్రాన్ని చంపట్లేదు, తినట్లేదు, కాసేపు ఎక్కి దిగుతున్నాం. ఇందులో తప్పేముంది?" 1944లో ఇంగ్లండ్‌లో మొదలైన వీగన్ సొసైటీ చెప్పే నిర్వచనంలో దీనికి నేరుగా జవాబుంది. తిండికి, బట్టకు, మరే ఇతర ప్రయోజనానికైనా జంతువుల్ని వాడుకోవడాన్నీ హింసించడాన్నీ, సాధ్యమైనంతవరకు, ఆచరణకు వీలైనంతవరకు మానుకోవాలన్నది దాని సారం. ఆ మూడో మాటలోకి స్వారీ వస్తుంది. పైగా ఆ వాక్యం హింసను ఒక్కదాన్నే కాదంటోంది అనుకోకూడదు, వాడకాన్నీ విడిగా కాదంటోంది. కాబట్టి దెబ్బ తగలని స్వారీ కూడా ప్రశ్న కిందకే వస్తుంది.

ముందు దెబ్బ సంగతే చూద్దాం. వాదన పక్కన పెట్టినా, గుర్రం దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే కంటికి కనిపించేవి చాలా ఉన్నాయి.

మొదటిది బరువు. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది అశ్వవైద్యంలో ఎక్కువగా వాడే లెక్క. బక్కచిక్కిన గుర్రానికైతే అంతకన్నా తక్కువే. గుర్రం బరువు తెలియడానికి కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని భుజం ముందు నుంచి పిరుదు చివరిదాకా ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 140 అయితే దాదాపు 265 కిలోలు. పొట్టి రకం గుర్రాలు ఇంచుమించు ఇంతే ఉంటాయి. అయిదో వంతు 53 కిలోలు. అందులో జీనుకు ఎనిమిది కిలోలు తీసేస్తే మిగిలేది 45. అంటే పెద్దవాళ్లు ఎక్కకూడదు. తండ్రీ కొడుకూ కలిసి ఎక్కి ఫొటో దిగడం అసలే కూడదు. 1965 నాటి బరువులు మోసే పశువుల నియమాలు పోనీకి, అంటే పొట్టి రకం గుర్రానికి, 70 కిలోల దాకా అనుమతిస్తాయి. అది మూటల కోసం రాసిన హద్దు, పెద్ద పోనీని దృష్టిలో పెట్టుకుంటే సరిపోవచ్చు. మూటను మధ్యలో కట్టేస్తే కదలదు. స్వారీ తెలియని మనిషి మాత్రం ప్రతి అడుగుకీ ఎగిరి ధబ్బున కూర్చుంటాడు, పక్కకు ఒరుగుతాడు. అదే బరువు వెన్ను మీద ఇంకా ఎక్కువ భారంగా పడుతుంది.

వయసు కూడా బరువు లెక్కలోదే. గుర్రానికి కాళ్ల ఎముకలు ముందు గట్టిపడతాయి, వెన్నుపూసల ఎదుగుదల ఆగేది అన్నిటికన్నా చివర, అయిదున్నర, ఆరేళ్లకు. మనం కూర్చునేది సరిగ్గా ఆ ఎముకల మీదే. మూడేళ్ల పిల్లగుర్రం చూడ్డానికి పెద్దదానిలా ఉన్నా దాని వీపు ఇంకా పసిదే.

రెండోది వేడి. విశాఖ గుర్రాలకు అసలు కష్టం ఇదేనని మా అభిప్రాయం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అవే 1965 నియమాల ప్రకారం 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువుతో పని చేయించకూడదు, రోజు మొత్తం మీద 9 గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు దాటకూడదు. రాయలసీమకు ఈ 37 డిగ్రీల హద్దు బాగానే పనికొస్తుంది. సముద్రపు గాలి ఉన్న విశాఖ తీరంలో మే నెలలోనూ చాలా రోజులు ఉష్ణోగ్రత అంత దాకా వెళ్లదు, అందుకని అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ గుర్రం ఒళ్లు చల్లబడేది ప్రధానంగా చెమటతో. చెమట ఆరితేనే వేడి దిగుతుంది. ఇక్కడి ఉక్కలో చెమట ఆరదు, కారిపోతుంది.

దీనికి గుర్రాలవాళ్లు వాడే లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లోకి మార్చి, గాలిలో తేమ శాతాన్ని కలపాలి. 130 లోపు ఉంటే ఫర్వాలేదు. 150 దాటితే, అందులోనూ తేమే ఎక్కువైతే, పని తగ్గించాలి. 180 దాటితే జీను వేయనే కూడదు. మే నెల సాయంత్రం 31 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. 88కి 80 కలిపితే 168. మనకు హాయిగా ఉన్న సాయంత్రమే గుర్రానికి గడ్డు సమయం. జనవరిలో 25 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే 142 దగ్గర ఆగుతుంది. ఫోన్లోని వాతావరణం యాప్ చూసి ఈ కూడిక ఎవరైనా చేసుకోవచ్చు.

ఉక్క ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా, వేడిగా ఉంటుంది, బొచ్చు గరుకుబారుతుంది, నడవకుండా నిలబడ్డా ఎగశ్వాస పెడుతుంది. చుట్టుపక్కల గుర్రాలన్నీ తడిసి ముద్దయినప్పుడు ఒక్కటే పొడిగా ఉంటే అది గట్టిదని మెచ్చుకోవద్దు, జబ్బుపడిందని అనుమానించాలి. శ్వాస లెక్కపెట్టడం తేలిక. డొక్క ఎగసిపడేది చూస్తూ నిమిషం లెక్కించండి. విశ్రాంతిలో 8 నుంచి 16 ఉండాలి. స్వారీ ముగిసి పావుగంటైనా ఆ దరిదాపులకు దిగకపోతే దాన్ని ఇంకొకరి కోసం తిప్పకూడదు.

నోటి సంగతి. కళ్లెం ఇనుము కూర్చునేది ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉన్న ఖాళీలో. అక్కడ పలచటి చిగురు, దాని కిందనే పదునైన ఎముక అంచు. నున్నటి ఇనుమునే మొరటుగా లాగితే అక్కడ పుండవుతుంది, ముళ్ల కళ్లెం అయితే చెప్పక్కర్లేదు. ముళ్లు, బొడిపెలు ఉన్న కళ్లేల్ని, జీను సామాన్లని 1965 నియమాలు నిషేధించాయి. అయినా దేశంలో ఊరేగింపులకు, పెళ్లిళ్లకు వాడే గుర్రాల నోళ్లలో అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. "అన్నా, కళ్లెం ఒకసారి చూపిస్తావా?" అని మామూలుగా అడగండి. పెదవి మూలల్లో చీలిక, గులాబీ రంగు మచ్చ, నురగలో ఎర్ర చార కనిపిస్తే అక్కడితో చాలు. మెత్తటి నైలాన్ తలకట్టుతో, కళ్లెమే లేకుండా నడిపించే పద్ధతి ఉంది. పగ్గం పట్టుకుని పక్కన మనిషి నడిచే బీచ్ స్వారీకి ఇనుము అవసరం నిజానికి లేనేలేదు. గుర్రమతను ఒప్పుకుంటే ఆ ఒక్క మార్పు ఈ సాయంత్రమే చేయొచ్చు.

జీను దగ్గరకొస్తే, మెడకూ వీపుకూ కలిసే చోట ఎత్తుగా ఉండే మూపు మీద జీను ఆనకూడదు. మనిషి కూర్చున్నాక కూడా ముందు వంపు కింద రెండు మూడు వేళ్లు దూరేంత సందు ఉండాలి. వేళ్ల లెక్క లేకపోయినా, మూపుకూ జీనుకూ మధ్య తగినంత సందు ఉండాలని 1965 నియమాల్లోనూ ఉంది. నల్ల, ఎర్ర గుర్రాల మూపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అక్కడ ఎప్పుడో పుండు పడి మానిందని అర్థం. తెల్ల గుర్రంలో ఇది కనపడదు, చేత్తో తడమాలి. పిల్లల్ని నేల మీద నుంచి రికాబు పట్టుకుని ఎక్కిస్తే జీను ఒక పక్కకు లాగి మూపును మెలిపెడుతుంది. చిన్న స్టూలు వేస్తే ఆ బాధ తప్పుతుంది.

వీగన్లకు ఇక్కడ ఒక పొరపాటు భరోసా కలుగుతుంది. తోలు జీను లేదు, రెక్సిన్ జీను ఉంది కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. ఆవు తోలు లేకపోవడం మంచిదే, కానీ రెక్సిన్ చెమట పీల్చదు. కింద మందపాటి నూలు దుప్పటి మడతలు లేకుండా పరిచి, తడిసిన ప్రతిసారీ మార్చకపోతే ఉప్పు, ఇసుక కలిసి చర్మాన్ని ఉప్పుకాగితంలా గీకేస్తాయి. కృత్రిమ జీనుల్లో విదేశాల్లో మంచివి వచ్చాయి, ముందు వంపు వెడల్పును గుర్రానికి తగ్గట్టు మార్చుకునే ఏర్పాటు కూడా వాటిలో ఉంది. సామాను వీగన్ అయినంత మాత్రాన స్వారీ వీగన్ కాదు.

కడుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బీచ్ పనికీ గుర్రం శరీరానికీ పొసగని చోటు ఇదే. గుర్రం పొట్ట చిన్నది, 8 నుంచి 15 లీటర్లు. రోజులో పదిహేను గంటలకు పైగా కొంచెం కొంచెంగా మేస్తూ ఉండే జంతువు అది. మేత ఉన్నా లేకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆరు గంటలు ఖాళీ కడుపుతో ఉంచితే పుండ్లకు దారి తీస్తుంది. మధ్యాహ్నం మూడింటికి జీను వేసి రాత్రి తొమ్మిదింటికి విప్పితే సరిగ్గా ఆ ఆరు గంటలూ అయిపోతాయి. తర్వాత గంపెడు ఉలవ గుగ్గిళ్లు, తవుడు ఒక్కసారి పెడితే కడుపు నొప్పి, గిట్టల వాపు. వాంతి చేసుకునే వీలు గుర్రం శరీరానికి లేదు, కాబట్టి కడుపు నొప్పి దాని ప్రాణం మీదకు రావచ్చు. 280 కిలోల గుర్రానికి రోజుకు కనీసం అయిదారు కిలోల ఎండు మేత, లేదా పాతిక కిలోల దాకా పచ్చగడ్డి కావాలి. నీళ్లు 25 నుంచి 50 లీటర్లు. దాణా ఆ పైన.

ఇసుక మీద పోసి పెడితే మేతతో పాటు ఇసుకా లోపలికి పోయి పేగులో పేరుకుంటుంది. దీన్ని పరీక్షించడానికి ఆరు లద్ది ఉండలు, అవీ నేలకు తగలని పై ఉండలు, బకెట్ నీళ్లలో కలిపి పావుగంట ఆగాలి. అడుగున చెంచాడు ఇసుక పేరుకుంటే జాగ్రత్తపడాలి, ఇసబ్‌గోల్ పొట్టు మోతాదు పశువైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి. మనలాంటివాళ్లు జాలితో పెట్టే బిస్కెట్లు, ఇడ్లీలు, అన్నం మేలు చేయవు. క్యారెట్ పెట్టాలనుకుంటే నిలువుగా పొడవాటి ముక్కలు కోయండి. గుండ్రంగా కోస్తే గొంతులో అడ్డం పడుతుంది.

కాళ్ల సంగతి క్లుప్తంగా. పొడి ఇసుక కండరాల్ని ఎముకలకు కలిపే స్నాయువుల్ని లాగేస్తుంది, నీటి అంచున ఉండే గట్టి ఇసుకే మేలు. కానీ ఆర్.కె. బీచ్ కోతకు గురై అంచు వాలుగా తయారైంది. ఏటవాలులో ఒకే దిక్కుకు పదేపదే నడిపిస్తే కిందివైపు కాళ్ల మీద భారం పడుతుంది. ముందు కాలు కుంటుతుంటే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి ఎగరేస్తుంది. గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. ఇంటికెళ్లాక కాళ్లు మంచినీళ్లతో కడగకపోతే ఉప్పుకు చర్మం పగులుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇదే తీరంలో గుడ్లు పెడతాయి కాబట్టి ఆ నెలల్లో చీకట్లో పై ఇసుకలో గుర్రాల్ని తిప్పకపోవడం వాటికీ మంచిది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. బరువు హద్దులో ఉంది, ముళ్ల కళ్లెం లేదు, నీడ, నీళ్లు, మేత ఉన్నాయి. అప్పుడు వీగన్ ఎక్కవచ్చా? ఎక్కకూడదన్నదే మా తీర్పు. నగరం అంచుల్లోని స్వారీ క్లాసులకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ గుర్రం ఎంత బాగున్నా.

దీనికి కారణం గుర్రం ఆయుష్షు. గుర్రం పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు బతుకుతుంది. స్వారీకి పనికొచ్చేది అందులో సగమో, కాస్త ఎక్కువో. పని ఆగాక కూడా మేత ఖర్చు అంతే, రాబడి సున్నా. పాలిచ్చే ఆవు వట్టిపోయాక ఏమవుతుందో, మగదూడ ఏమవుతుందో తెలిసే కదా వీగన్లు పాలు మానేశారు. గుర్రం విషయంలోనూ అదే లెక్క నడుస్తుంది. పందేల్లో వెనకబడ్డ గుర్రం స్వారీకి అమ్ముడవుతుంది, స్వారీకి అలిసిన గుర్రం పెళ్లి ఊరేగింపులకో బండికో పోతుంది, ప్రతి అమ్మకానికీ ధర పడిపోతుంది, సంరక్షణా పడిపోతుంది. మంచి యజమాని చేతిలోనూ వర్షం పడ్డ వారం, తుపాను కాలం రాబడి ఉండదు, మేతకు కోత పడుతుంది. మనం ఇచ్చే కిరాయితో జంతువు తిండిని ముడిపెట్టడమే ఇందులోని మూల లోపం. కళ్లెం మార్చినంత మాత్రాన అది పోదు.

"గుర్రం ఇష్టంగానే నడుస్తోంది కదా" అంటారు. స్వారీ శిక్షణ అంతా ఒత్తిడి పెట్టి, చెప్పినట్టు చేశాక వదలడం మీద ఆధారపడింది. కదలకుండా ఓర్చుకోవడం అలవాటైన గుర్రాన్ని చూసి అది ఒప్పుకుందనుకుంటాం. బ్రిటన్‌కు చెందిన అశ్వవైద్యురాలు స్యూ డైసన్ స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని గుర్తించడానికి 24 ప్రవర్తనల పట్టిక తయారుచేశారు. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, పదేపదే నోరు తెరవడం, తోక విసరడం, తల ఎగరేయడం లాంటివి అందులో ఉన్నాయి. ఎనిమిది గానీ అంతకు మించి గానీ కనిపిస్తే ఎక్కడో నొప్పి ఉందని బలంగా అనుమానించాలి. జీను పట్టీ బిగించేటప్పుడు గుర్రం వెనక్కి తిరిగి కరవబోతే దాన్ని పొగరనుకోకండి.

పాముకాటు మందు మాటేమిటని అడిగేవాళ్లున్నారు. మన దేశంలో ఆ మందు గుర్రాల రక్తం నుంచే తయారవుతుంది, పొలంలో పాము కరిచినవాడికి వేరే దారి లేదు. నిర్వచనంలో "ఆచరణకు వీలైనంతవరకు" అన్నది అలాంటి వాటి కోసం. బీచ్‌లో ఫొటో ఆ కోవలోకి రాదు.

గుర్రమతని మీద కేకలేయడం మాత్రం ఎవరికీ మేలు చేయదు. అతనూ రోజు కూలీ లెక్కన బతికేవాడే, చాలాసార్లు గుర్రం అతని సొంతం కూడా కాదు. ముంబయిలో గుర్రాలు లాగే విక్టోరియా బగ్గీల్ని 2015లో బొంబాయి హైకోర్టు చట్టవిరుద్ధమని తేల్చినప్పుడు, వాటి మీద బతికేవాళ్లకు పునరావాస పథకం తయారుచేయమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. తర్వాత అక్కడ విద్యుత్‌తో నడిచే బగ్గీలు వచ్చాయి. విశాఖలోనూ అడగాల్సింది అలాంటిదే. నిషేధం ఒక్కటే వస్తే గుర్రాలు వేరే ఊరికి అమ్ముడవుతాయి, అంతే.

పిల్లలు మారాం చేస్తే ఎక్కించకుండా కిరాయి మాత్రం ఇచ్చి, "తమ్ముడూ, ఈ పది నిమిషాలు దీన్ని నీడలో నిలబెట్టి నీళ్లు పెట్టు, బాబు పక్కన నిలబడి చూస్తాడు" అనవచ్చు. ఇది చాలామంది ఒప్పుకునే బేరమే. పిల్లాణ్ని గుర్రానికి ఎదురుగా గానీ వెనకగా గానీ నిలబెట్టకండి, భుజం పక్కన నిలబెట్టి మెడ నిమరనివ్వండి. అయితే రోజూ ఇదే చేస్తే గుర్రాన్ని అక్కడ ఉంచడానికి మనమూ డబ్బిస్తున్నట్టే. అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి వర్షాకాలం వారాలకు ఎండుగడ్డి మోపులో, లాడాలు కొట్టించే ఖర్చో భరించడం అంతకన్నా నేరుగా గుర్రానికి చేరుతుంది.

పుండుతోనో కుంటుతూనో పని చేస్తున్న గుర్రం కనిపిస్తే అది జంతు హింస నివారణ చట్టం, 1960 సెక్షన్ 11 కిందికి వస్తుంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. అందుకని కేసుకన్నా వైద్యం ముందు. పశువైద్య సంచార వాహనానికి 1962 నంబరుకు, గొడవైతే పోలీసులకు 112కు ఫోన్ చేయండి. గుర్రం రంగు, పుండు ఏ పక్క ఎక్కడుంది, దగ్గర్లోని గుర్తు ఏమిటో చెప్పండి, సమయం కనిపించేలా ఫొటో ఉంచుకోండి. వడదెబ్బ తగిలినట్టు ఒళ్లు కాలిపోతూ తూలుతుంటే డాక్టరు వచ్చేదాకా ఆగొద్దు. జీను విప్పించండి, నీడలోకి తెప్పించండి, మెడ, ఛాతీ, తొడల మీద బకెట్లతో చల్లటి మంచినీళ్లు ఆపకుండా పోయించండి, తాగినన్ని తాగనివ్వండి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.